నేను ఇనుమని చదివిన రాయి

నా చిన్నప్పుడు ఈ మాదాపూర్, కొండాపూర్ వైపంతా బండలే. ఇప్పుడు మా మనవరాలి ఆఫీసున్న గాజు మేడ చోట అప్పుడేముండేదని ఎవరైనా అడిగితే బండ అంటాను. దాని పక్క మేడ చోట ఇంకో బండ. వాటి నడుమ సీతాఫలం చెట్లు, మేకలు, మేము. మాది రాళ్ళు కొట్టే ఇల్లు. మా తాత, నాయన, చిన్నాయన పొద్దు పొడవకముందే సుత్తెలు భుజాన వేసుకొని పోయి గడప బండలు, ప్రహరీ రాళ్ళు కొట్టేవారు. మిగిలిన ముక్కలను ఆడవాళ్ళు, పిల్లలు కూర్చుని కంకర చేసేవారు. పట్నం పోవాలంటే మేము బస్సెక్కి పోవలసిందే. ఇప్పుడు ఆ పట్నమే వచ్చి మా గుమ్మం ముందు కూర్చుంది. దాన్ని దాటి ఎదుటి దుకాణంలో పాలప్యాకెట్టు తెచ్చుకోవడానికి నాకు అరగంట పడుతుంది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. అదేదో గొప్ప కోసం చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన పంతులు ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగు చేసుకుంటూ మా వాకిట్లోకి వచ్చినప్పుడు, కంకర కొట్టడానికి చేతులు ఇంకా గట్టిపడని పిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నన్ను ఇచ్చి పంపారు. రెండేళ్ళు గడిచాయి. నా చేతులు గట్టిపడ్డాయి. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఒకరోజు నా అరచేతులు తిప్పి చూసి, ఇక బడి చాలని తేల్చేసింది. మా అవ్వ తేల్చిందంటే మా ఇంట్లో దానికి అప్పీలు ఉండేది కాదు.

ఆమెకు అడ్డం తిరగగలిగిన మనిషి మా తాత ఒక్కడే, ఆయన కూడా ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ ఆ పని చేసేవాడు కాదు. ఆ ఏడాది ఆ రెండింటిలో ఒకదాన్ని నా కోసం ఖర్చు పెట్టాడు. పిల్లకు చదువు వచ్చిందో లేదో చూడకుండా మాన్పించడం, రాయిని తట్టి చూడకుండా పారేయడం లాంటిదని అన్నాడు. పట్నంలో బొమ్మల మేడ ఒకటి ఉందని, అందులో రాజుల కాలం నాటి వస్తువులు పెట్టారని, ఒక్కొక్కదాని కింద ఒక్కొక్క బోర్డు ఉంటుందని మేస్త్రీ ఎవరో ఆయనకు చెప్పాడట. అక్కడికి తీసుకపోతాను, బోర్డులు చదివితే బడి, చదవకపోతే కంకర, అని ఒప్పందం చేశాడు. మా అవ్వ ఒప్పుకుంది. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు బస్సు దిగేదాకా నాకు భయం లేదు. నాకు చదువు వచ్చు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, వాచకంలో మేకపిల్ల పాఠం కళ్ళు మూసుకుని చదువుతాను. జొన్నరొట్టెల మూట పట్టుకుని, చెప్పులు పాడవుతాయని తాత వాటిని చంకలో పెట్టుకుంటే నేనూ నావి చంకలో పెట్టుకుని, ఆ మేడలోకి దర్జాగా నడిచాను. మొదటి గదిలో అద్దాల పెట్టెలో ఒక కత్తి ఉంది. దాని కింద తెల్ల అట్టముక్క ఉంది. తాత దాని ముందు నిలబడి, సుత్తె పట్టుకునే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, చదువు బిడ్డా అన్నాడు.

వంగి చూశాను. అందులో ఒక్క అక్షరం కూడా నాకు పరిచయం లేదు. అన్నీ ఇంగ్లీషు.

అది వేరే భాషని చెప్పవచ్చు కదా అని ఇప్పుడు మా మనవరాలు అంటుంది. చెప్పడం తేలికే. కానీ మా తాతకు అక్షరాలన్నీ ఒకటే. వచ్చినవాడికి అన్నీ వస్తాయి, రానివాడికి ఏదీ రాదు, ఆయన లెక్క అంతే. ఇక మా అవ్వకు చెబితే, రెండేళ్ళు కూర్చుని నేర్చుకున్నాక ఇంకో రకం అక్షరాలున్నాయని కబురు తెచ్చిందా అని, ఆ సాయంత్రమే నా చేతికి సుత్తె ఇచ్చేది. నాకు కంకర గుట్ట కళ్ళముందు మెదిలింది. నోరు తెరిచి, ఈ కత్తితో ఒక రాజు పులిని చంపాడని చదివాను.

తాత తల ఊపాడు. మంచి కత్తి అన్నాడు.

అబద్ధం మొదటిది ఒక్కటే కష్టం. రెండో గదికి వచ్చేసరికి నాకు అలవాటైపోయింది. పింగాణీ గిన్నె దగ్గర ఇది రాణి పప్పు తిన్న గిన్నె అన్నాను. ఎర్ర కుర్చీ దగ్గర ఇందులో కూర్చునే మంత్రి జ్వరం వచ్చి చచ్చిపోయాడన్నాను. బుగ్గలు ఎర్రగా ఉన్న ఒక దొరసాని పటం దగ్గర, ఈమె పళ్ళ నొప్పితో బాధపడింది అన్నాను. చదువుతున్నంతసేపూ వేలు అట్టముక్క మీద ఎడమ నుంచి కుడికి జరుపుతూనే ఉన్నాను, ఆ మాత్రం చదువు నాకుంది.

కాసేపటికి వెనక జనం పోగయ్యారు. మాలాగే పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, చేతుల్లో మూటలు, చంకల్లో చెప్పులు. వాళ్ళకూ బోర్డులు చదివేవాళ్ళు లేరు. అందులో ఒక ముసలమ్మ నన్ను వదలలేదు. రాజుకు ఎంతమంది పెళ్ళాలని అడిగింది. ఏడుగురని రాసి ఉందన్నాను. పక్క గదిలో పూలున్న కుండ ఒకటి కనబడితే అది ఎవరిదని అడిగింది. ఎనిమిదో రాణిదని నోరుజారాను.

“ఇందాక ఏడుగురే అంటివి గదనే?” అంది ముసలమ్మ.

“ఈమెను తర్వాత చేసుకున్నడు” అన్నాను.

ముసలమ్మ ముక్కు మీద వేలేసుకుని, మగబుద్ధి అంతే అని తన కోడలికి చెప్పింది. కోడలు అది వెనకవాళ్ళకు చెప్పింది. ఎన్నడూ లేని ఆ రాజుకు ఆ గది దాటేలోపే ఎంత చెడ్డపేరు వచ్చిందో చెప్పలేను.

ఇదంతా జరుగుతుండగా మా తాత ఒక్కటే మాట అన్నాడు. నేను ఒక్కో బోర్డు చదివి ఆయన ముఖంలోకి చూసేదాన్ని, నమ్మాడో లేదో అని. రెండు మూడుసార్లు చూశాక, ఆయన నా తల పట్టుకుని మెల్లగా వస్తువు వైపు తిప్పి, “నన్నెందుకు సూస్తవ్, బొమ్మను సూడు” అన్నాడు. అంతే అన్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆఖరు గదిలో ఆ బొమ్మ ఉంది. మనిషంత ఎత్తున్న ఆడదేవత, నల్లగా నిగనిగలాడుతూ, మెడ కొంచెం పక్కకు వాల్చి నిలబడి ఉంది. అద్దం లేదు, చుట్టూ తాడు మాత్రం కట్టి ఉంది. తాత తాడు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. తరువాత ఏం రాసి ఉందని అడిగాడు. వెనక అంత జనం. నేను వేలు జరిపి, ఇది ఇనుముతో పోసిన బొమ్మ, కొలిమిలో నెల రోజులు కాల్చి పోశారు అని గట్టిగా చదివాను.

ఎవరి ముందు ఏ అబద్ధమైనా ఆడవచ్చు గాని, రాయి కొట్టేవాడి ముందు రాయిని ఇనుమనకూడదు. ఆ సంగతి నాకు తట్టలేదు. తాత తాడు కిందనుంచి వంగి లోపలికి పోయి, బొమ్మ మోకాలి మీద వేలి కణుపుతో తట్టి చెవి పెట్టాడు. బండ దగ్గర రోజూ చేసే పనే అది. గంటలాగ మోగితే మంచి రాయి, మూసుకుపోయినట్టు పలికితే లోపల పగులు. ఇక్కడా తట్టాడు, అక్కడా తట్టాడు, నడుము దగ్గర తట్టాడు. మూలన స్టూలు మీద కునుకుతున్న జవాను లేచి పరుగెత్తుకొచ్చాడు.

“ఏయ్ తాతా, చేతులు పెట్టొద్దు. జర బయటికి రా.”

“పెద్ద సారును పిలువు” అన్నాడు మా తాత, తాడు ఇవతలికి వచ్చి. “గీ బోర్డు తప్పున్నది.”

జవాను బిత్తరపోయాడు. ఆ మేడలో సామాను దొంగిలించబోయినవాళ్ళను చూసి ఉంటాడు, దేవుళ్ళకు కొబ్బరికాయ కొట్టబోయినవాళ్ళను చూసి ఉంటాడు. చంకలో చెప్పులు పెట్టుకుని వచ్చి బోర్డు తప్పని తగాదా పెట్టినవాడిని మొదటిసారి చూసినట్టున్నాడు. నేను తాత పంచె అంచు పట్టుకుని గుంజాను, పోదాం తాతా అన్నాను. ఆయన కదిలితే కదా. మా పిల్ల రెండేళ్ళు చదివింది, తప్పు చదవదు, రాసినవాడే తప్పు రాశాడు, రేపు పది మంది చూసి రాయిని ఇనుమనుకుంటారు, దిద్దాల్సిందే, అని జవానుకు నచ్చజెబుతున్నాడు. ముసలమ్మ కూడా అవును దిద్దాల్సిందేనని తాత పక్కన చేరింది.

పెద్ద సారు వచ్చాడు. సన్నగా ఉన్నాడు, కళ్ళద్దాలు, చేతిలో కాగితాలు. కోస్తా వైపు మనిషని మాట వినగానే తెలిసింది. తాత చెప్పినదంతా విని, బోర్డు వైపు చూసి, నావైపు చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. కసురుతాడనుకున్నాను. కసరలేదు, వంగి, “ఏదమ్మా, నువ్వు చదివింది మళ్ళీ ఒకసారి చదువు” అన్నాడు.

నా వేలు అట్టముక్క మీద పెట్టాను. వేలు ముందుకు కదల్లేదు. గదిలో అందరూ చూస్తున్నారు. ఇంకో అబద్ధం దొరకలేదని కాదు, నాలుగైదు సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఏది చెప్పినా తాత దాన్ని కూడా నమ్మి, దాని కోసం కూడా ఈ సారుతో తగాదా పెట్టుకుంటాడని భయమేసింది. ఆయనను అలా నిలబెట్టడం కంటే కంకరే నయమనిపించింది.

“నాకు తెల్వదు” అన్నాను. “ఇవి నాకొచ్చే అక్షరాలు కావు. పొద్దుగాల్నుంచి అన్నీ కల్పించి చెప్పిన.”

వెనక ముసలమ్మ, అయితే ఎనిమిదో రాణి, అంటూ ఏదో మొదలుపెట్టి ఆగిపోయింది. నేను తాత వైపు చూడలేదు. సారు గొంతు సవరించుకుని ఆ అట్టముక్క తానే చదివి తెలుగులో చెప్పాడు. నల్లరాయి విగ్రహం. ఏ కాలానిదో తెలియదు. చెక్కినవారు ఎవరో తెలియదు.

మా తాత దాన్ని రెండోసారి చదివించుకున్నాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వు బండలో సమ్మెట దెబ్బలాగా ఉండేది, మేడంతా మోగింది.

“సర్కారోళ్ళు ఇంత పెద్ద మేడ కట్టి, బోర్డు మీద తెల్వదు అని రాసుకున్నరు. నీకెందుకే సిగ్గు?” అన్నాడు నాతో.

తరువాత సారు వైపు తిరిగి, బోర్డులో లేనిది తనకు కొంత తెలుసని చెప్పాడు. సారు ఆయనను మళ్ళీ తాడు లోపలికి రానిచ్చి తానూ వెంట వచ్చాడు. తాత సారును బొమ్మ వెనక వైపుకు తీసుకుపోయి, నున్నగా చేయకుండా వదిలేసిన చోట ఉలి గాట్లు చూపించాడు. గాట్లు ఎటునుంచి ఎటు పడ్డాయో చూడమని, కొట్టినవాడిది ఎడమచేతి వాటమని అన్నాడు. మెడ దగ్గర రాతిలో ఒక సన్నటి చార ఉందని, నిటారుగా చెక్కితే అక్కడ విరిగేదని, అందుకే వాడు తల పక్కకు వాల్చాడని చెప్పాడు. అందం కోసం వాల్చాడని నేనిన్నాళ్ళూ అనుకున్నానండి, అన్నాడు సారు. అందం కోసమూ అయి ఉండొచ్చు, అది తనకు తెల్వదన్నాడు తాత. సారు చేతిలోని కాగితాల వెనక ఏదో రాసుకున్నాడు.

తిరుగు బస్సులో తాత నన్ను ఒక్క మాట అనలేదు. రొట్టె మూట విప్పి సగం సగం తిన్నాం. ఆయన నిజంగా నన్ను నమ్మి తగాదాకు దిగాడా, నా నోటితో నిజం చెప్పించడానికే ఆ నాటకమంతా ఆడాడా అన్నది నాకు అప్పుడు తెలియలేదు, అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఇంటికి చేరేసరికి అవ్వ వాకిట్లో చాటతో జొన్నలు చెరుగుతోంది. తలెత్తకుండానే చదివిందా అని అడిగింది. నేను గోడను ఆనుకుని నిలబడ్డాను.

“పెద్ద సారు ముందట నిలబడి, బోర్డు మీద ఏమున్నదో అదే చెప్పింది” అన్నాడు తాత. “పొద్దుగాల బడికి తోలు.”

“ఏమున్నదట?”

“తెల్వదు అని ఉన్నది.”

అవ్వ చాట ఆపి మా ఇద్దరినీ చూసింది. ఆ ముక్క కోసం బస్సు కిరాయి పెట్టుకుని పోయారా అంది. కానీ ఒప్పందం ఒప్పందమే కాబట్టి నేను మర్నాడు బడికి పోయాను. ఇంకో రెండేళ్ళు పోయాను. తరువాత పంతులికి బదిలీ అయింది, కొత్తవాడు రాలేదు, నా చేతికి సుత్తె రానే వచ్చింది. నాలుగు తరగతుల చదువుతో ఇవాళ పేపరు మొత్తం చదువుతాను, పెళ్ళి ప్రకటనలతో సహా. కొన్నాను కాబట్టి ఒక్క అక్షరం వదలను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న శనివారం మా మనవరాలు నన్ను హైటెక్ సిటీలో బొమ్మల ప్రదర్శనకు తీసుకుపోయింది. గ్యాలరీ అంటారట. లోపలికి పోవడానికి టికెట్ లేదని, ఏసీ ఉంటుందని రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాకే బయలుదేరాను. ఇంటినుంచి సీసాలో మంచినీళ్ళు, డబ్బాలో సకినాలు తీసుకున్నాను. అక్కడ కాఫీ ధర రాసిన పలక చూసి, ఇంటికి పోయాక తాగుదామని చెప్పాను.

గోడలకు పెద్ద పెద్ద పటాలు ఉన్నాయి. ఒకటి నులకమంచమంత ఉంది, మొత్తం నీలం రంగే, మధ్యలో ఒక గీత. ఇదేమిటే అని అడిగాను. మా మనవరాలు చదువుకున్నది, కంప్యూటర్ల ఆఫీసులో పదిమంది మీద పెద్ద. తెల్వదు అనడం దానికి అలవాటు లేదు. అది నగరంలో మనిషి ఒంటరితనం అమ్మమ్మా అంది. తరువాతి పటంలో మూడు గీతలున్నాయి. అది ఉమ్మడి కుటుంబం అంది. అది చెబుతున్నప్పుడల్లా నేను దాని ముఖం చూస్తున్నాను. దాని కళ్ళు పటం మీద లేవు. నా మీద ఉన్నాయి, నమ్మానో లేదో అని.

ఆ నీలం పటం ముందు, ఇన్నేళ్ళ తరువాత, నాకు జవాబు దొరికింది. మా తాతకు కత్తి దగ్గరే తెలిసిపోయింది. నన్నెందుకు సూస్తవ్, బొమ్మను సూడు అన్నాడే, అప్పటికే తెలిసిపోయింది. అయినా నా పప్పుగిన్నెలు, నా రాణులందరినీ ఆఖరు గదిదాకా ఓపిగ్గా మోశాడు.

పటాలన్నీ అయ్యాక వెనక పెరటిలోకి వచ్చాం. అక్కడ గడ్డి మధ్యలో ఒక బండ ఉంది, ఏనుగంత. దాని మీద వరుసగా బెత్తెడు బెత్తెడు దూరంలో గుంటలు ఉన్నాయి. చూడగానే అవేమిటో గుర్తుపట్టాను. నేనేమీ అనకముందే మా మనవరాలు మొదలుపెట్టింది. ఇది కూడా ఆర్టే అమ్మమ్మా, ఆ గుంటలు కాలం చేసిన గాయాలకు గుర్తులు, అంది. కళ్ళు నా మీదే పెట్టి.

నాకు ఏం చేయాలో తెలుసు. అక్కడ పటాల గురించి చెప్పడానికి ఒక ఆడపిల్లను పెట్టారు, మెడలో కార్డు వేసుకుని తిరుగుతోంది. ఆమెను చేత్తో పిలిచి, ఈ రాయికి బోర్డు పెట్టడం మరిచిపోయినట్టున్నారు, మా పిల్ల ఇది కాలం చేసిన గాయమని చెబుతోంది, రాసి పెట్టండి, నలుగురికీ తెలియాలి కదా అన్నాను. మా మనవరాలు నా కొంగు పట్టుకుని గుంజింది. నేను కదిలితే కదా.

ఆ పిల్ల ఇబ్బందిగా నవ్వి, “అది ఆర్ట్ కాదు ఆంటీ. బిల్డింగ్ కట్టేటప్పుడు తీయడానికి ఖర్చు ఎక్కువవుతుందని వదిలేశారు” అంది.

ఆమె వెళ్ళిపోయాక మా మనవరాలు నా కొంగు వదిలింది. తరువాత, “నాకేం తెల్వదు అమ్మమ్మా. లోపలివి కూడా తెల్వదు” అంది. దాని ముఖం అంత తేటగా నేను చాలా రోజుల తరువాత చూశాను. డబ్బా తీసి ఇద్దరం ఆ బండ మీదే కూర్చుని సకినాలు తిన్నాం.

తింటూ చెప్పాను. బండను చీల్చడానికి ఇనుప మేకులు దిగ్గొట్టే గుంటలు ఇవి. పదకొండు పూర్తిగా తొలిచారు, పన్నెండోది సగంలో వదిలేశారు. ఎందుకు వదిలేశారో వినమని, వేలి కణుపుతో ఒక చోట తట్టాను, మోగింది. పన్నెండో గుంట పక్కన తట్టాను, మూసుకుపోయినట్టు పలికింది. లోపల పగులు, కొడితే బండ అడ్డదిడ్డంగా పోతుంది, అందుకే కొట్టేవాడు సుత్తె దించి ఇంటికి పోయాడు. మా మనవరాలు తన వేలితో తట్టి చూసింది. గోళ్ళరంగు చెదిరింది, అయినా మళ్ళీ తట్టింది. ఇక్కడ ఈ బండ ఒక్కటే ఆగింది, మిగతా బండలన్నీ పగిలి ఇళ్ళల్లోకి పోయాయి అని చెప్పాను.

అది బండ మీద చెవి ఆనించి, తల తిప్పి అడిగింది. “అయితే ఇది కొట్టింది మీ తాతేనా అమ్మమ్మా?”

ఎంత బాగుండేది. అవునంటే నమ్మేది, కళ్ళనీళ్ళు పెట్టుకునేది, ఆఫీసులో అందరికీ చెప్పుకునేది. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. అప్పుడు నా కళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలిసింది. అవి రాయి మీద లేవు, దాని ముఖం మీద ఉన్నాయి. తల తిప్పుకుని, ఆ సగం తొలిచిన గుంటను చూశాను. అందులో వేలు పెట్టి చూశాను. ఉలి గాట్లు కుడిచేతి వాటంవాడివి, అంతవరకు చెప్పగలను.

“తెల్వదు బిడ్డా” అన్నాను.